పసుపు అట్ట గైడు

మా బస్టాండు మొత్తానికి ధైర్యమైన గొంతు మైకక్కది. బస్టాండు మొత్తానికి పిరికి మనిషి కూడా ఆవిడే. మైకు నొక్కి "ప్రయాణికులకు మనవి" అందంటే పరిగెత్తేవాడు కూడా ఆగి చెవి అటు పెడతాడు. అదే మనిషి మైకు కట్టేయగానే గోడ మీద బల్లిని చూసి కుర్చీ ఎక్కేస్తుంది. ఫోను మోగితే ఎవరికేమైందోనని గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. ఆవిడ మైకు గదికీ నా ఎంక్వైరీ కిటికీకీ మధ్య ఉన్నది సగం ఎత్తు చెక్కగోడ. ఏళ్ళ తరబడి ఆ గోడ మీదుగానే కబుర్లూ, టిఫిను డబ్బాలూ అటూ ఇటూ నడిచాయి. అందుకని ఆవిడ భయాలన్నీ నాకు కంఠతా వచ్చు.

ఆవిడ భర్త ఇక్కడే డ్రైవరుగా చేశాడు. ఆయన జబ్బు చేసి పోయాక, ఆ ఇంటికి ఒక ఉద్యోగం ఇవ్వాలని ఈవిణ్ణి తెచ్చి మైకు ముందు కూర్చోబెట్టారు. మొదటిరోజు నోరు పెగల్లేదట. అప్పటి కంట్రోలరు పెద్దాయన పక్కన నిలబడి, "ఏదైనా రెండుసార్లు చెప్పమ్మా. మొదటిసారి నీ భయం పోడానికి, రెండోసారి వాళ్ళకి వినపడ్డానికి" అన్నాడట. అప్పట్నుంచి ప్రతి మాటా రెండుసార్లే. అది ఇంట్లోకి కూడా పాకింది. "గొడుగు తీసుకున్నావా? గొడుగు తీసుకున్నావా?" అంటే, "అమ్మా, నేను ప్లాట్‌ఫారం మీద లేను, నీ పక్కనే ఉన్నా" అని కూతురు వెక్కిరించేది.

ఆ కూతురే చిట్టి. ఒక్కతే. కాలేజీలో సాహిత్యం చదువుతోంది. దానికి నోరు మూతపడేది కాదు. కాలేజీ నుంచి వస్తూ నా కిటికీ దగ్గర ఆగి, "పిన్నీ, మా అమ్మ బస్సు ఎన్ని గంటలకి?" అని అడిగేది. "మీ అమ్మ బస్సు ఎప్పుడూ లేటే" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. అది నాకు ఏమీ కాదు, కానీ దానికి నేను పిన్నిని.

ఒకరోజు ఉన్నట్టుండి మైకక్క చెక్కగోడ మీదకి వంగి, "చిట్టి మాట్లాడడం లేదు" అంది.

"అలిగిందా?"

"అలిగితే బాగుణ్ణు. బతిమాలుకునేదాన్ని. కాలేజీ ఎలా ఉందంటే ఊఁ అంటుంది. సగం తిని లేచిపోతుంది. ఒక లావు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది. అంతే. పరీక్షకి పెట్టిన నవలట. కష్టంగా ఉందమ్మా, చదువుకోనీ అంటుంది."

"చదువుకుంటోందిగా, ఇంకేం?" అన్నాను. అప్పుడు నాకు అంతకన్నా ఏమీ తోచలేదు.

మైకక్కకి మాత్రం కాలు నిలవలేదు. మర్నాడు పిల్ల స్నానానికి వెళ్ళగానే ఆ పుస్తకం తెరిచిందట. మొదటి పేజీలో మొదలైన వాక్యం రెండో పేజీలో కూడా ముగియలేదట. మధ్యలో ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు, ఇవాళ జరిగిందో నిన్న జరిగిందో తెలియదు. "మన కొండదారి బస్సే నయం. ఎక్కడో ఒకచోట ఆగుతుంది" అని నా దగ్గర వాపోయింది. ఆ కొరకరాని కొయ్యలో ఏముందో తెలిస్తే తప్ప తన పిల్లకేమైందో తెలియదని ఆవిడకి గట్టిగా నమ్మకం కుదిరింది.

దానికి మందు మా బస్టాండులోనే ఉంది. పార్సిల్ ఆఫీసు పక్కన పుస్తకాల కొట్టుంది. అక్కడ కూర్చునే ఆయన్ని అందరం గైడ్లాయన అంటాం. ఏ పుస్తకానికైనా ఆయన దగ్గర పల్చటి గైడు ఉంటుంది. "అసలు పుస్తకం ఎందుకమ్మా దండగ, ఇది చాలు" అనేది ఆయన ఊతపదం. మైకక్క వెళ్ళి పసుపు అట్ట గైడు ఒకటి తెచ్చుకుంది. సారాంశం, పాత్రలు, ముఖ్యమైన ప్రశ్నలు. బస్సుకీ బస్సుకీ మధ్య ఖాళీలో టేబుల్ కింద పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మైకు ముందు ఎంత కంచుకంఠమో, గైడు ముందు అంత పసిపిల్ల. ఒక్కో ముక్కా వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివేది.

ఆ నవల రేవులో పడవల కోసం తాళ్ళు పేనుకుని బతికే ఒక ఆడమనిషి కథ. గైడు రాసినవాడు దాన్ని భాగాలుగా కోసి పెట్టాడు. మొదటి భాగంలో నాయిక నవ్వడం మానేస్తుంది. రెండో భాగంలో నలుగురితో కూర్చుని తినడం మానేస్తుంది. మూడో భాగంలో పిలిస్తే పలకడం మానేస్తుంది. ఒక్కో భాగం చదివినప్పుడల్లా మైకక్క తల ఎత్తి నావైపు చూసేది. ఆ చూపు నాకు నచ్చలేదు.

"నవ్వడం మానేసింది. మా చిట్టి కూడా. తినడం మానేసింది. మా చిట్టి కూడా. ఇప్పుడు పలకడం."

"లోకంలో పరీక్షలున్న ప్రతి పిల్లా అంతేలే. ఆ గైడు అవతల పారేయ్" అన్నాను.

పారేయలేదు. ఒకరోజు మధ్యాహ్నం, మధ్యలో ఉన్నవి వదిలేసి, ఏకంగా చివరి పేజీ తిప్పింది. ఆ తర్వాత ఆవిడ చేసిన ప్రకటన విని ఊరవతల రేవుకి పోయే బస్సెక్కాల్సిన జనమంతా కొండదారి బస్సు దగ్గరికి పరిగెత్తారు. డ్రైవర్లు ఇద్దరూ హారన్లు కొట్టారు. నేను వంగి చూద్దును కదా, మైకక్క మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. గైడు నా ముందుకి తోసింది. వేలు పెట్టిన చోట ఇలా ఉంది: "ఆఖరి భాగం. నాయిక ఎవరికీ చెప్పకుండా నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోతుంది. ఇది ఆమె పొందిన విముక్తి. తప్పక వచ్చే ప్రశ్న. కంఠస్థం చేయవలెను."

నాకూ ఒళ్ళు జలదరించింది. కానీ నా భయం ఎప్పుడూ కోపం వేషం కట్టుకునే వస్తుంది. "పుస్తకంలో ఎవరో నీళ్ళలోకి దిగితే నీ కూతురెందుకు దిగుతుంది? గైడు చదివి హడలి చచ్చినదాన్ని నిన్నే చూశాను" అని విరుచుకుపడ్డాను.

"నువ్వు పిల్లల్ని కనలేదు. నీకు తెలీదు" అంది మెల్లగా.

ఆ మాట ఒక్కసారే అంది. నాకు చాలా లోతుగా గుచ్చుకుంది. ఆ పూట ఆవిడ డబ్బా ఇటు రాలేదు, నా డబ్బా అటు పోలేదు.

అప్పట్నుంచి మైకక్క పని ఒక్కటే. ఆ లావు పుస్తకంలో చిట్టి గుర్తుగా పెట్టుకున్న బస్సు టికెట్టు ముక్క ఎంతవరకు వచ్చిందో చూడడం. రోజూ కొంచెం ముందుకి జరుగుతోంది. సగం దాటింది. ముప్పావు వంతుకి వచ్చింది. అది చివరికి చేరినరోజు ఏమవుతుందోనని ఆవిడకి పై ప్రాణాలు పైనే పోతున్నాయి. అడుగుదామంటే నోరు రాదు. ఆ మాట బయటికంటే, లేని ఆలోచన కూడా పిల్లకి తానే ఇచ్చినట్టవుతుందని భయం. దాచేద్దామంటే, పరీక్ష పోతే ఆ దిగులుతో ఏం చేసుకుంటుందోనని ఇంకో భయం. ఇన్ని భయాల మధ్య నలిగి నలిగి చివరికి ఆవిడ చేసిన పని వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు ఆ టికెట్టు ముక్క తీసి అప్పటికే దాటిన పేజీల్లో పెట్టేస్తోంది.

"చదివిందే మళ్ళీ చదువుతుంది. ఆఖరికి మాత్రం చేరదు" అంది నాతో.

నాకు నవ్వాగలేదు. "పరీక్ష దాకా ఇలాగే వెనక్కి లాగుతావా?"

"పరీక్ష అయిపోతే ఆ పుస్తకం మా ఇంట్లో ఉండదుగా" అంది. ఆ గొంతులో నమ్మకం చూసి నవ్వు ఆపేశాను. పిల్ల అవతలి ఒడ్డుకి పోకుండా ఆవిడ పట్టుకున్నది ఆ కాగితం ముక్కనే.

అలా కొన్నాళ్ళు నడిచింది. ముందుకి కాస్త, వెనక్కి కాస్త. మైకక్క రేవు బస్సు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా కిటికీలోంచి మెడ సాచి, చివరి ప్లాట్‌ఫారం మీద ఎక్కేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూసేది. ఆవిడ ఎవరికోసం చూస్తోందో నాకు తెలుసు.

ఒక ఉదయం వచ్చీ రాగానే, "నిన్న ధైర్యం చేసి సగం పుస్తకం వెనక్కి జరిపాను" అంది, పెద్ద ఘనకార్యం చేసినట్టు.

"ఇవాళ?"

"అక్కణ్ణించి మళ్ళీ రెండు మూడు పేజీలు ముందుకొచ్చింది."

కిటికీ దగ్గర ఎవరో టైము అడుగుతున్నారు. చెప్పాను. చెబుతుండగానే నా బుర్రలో ఏదో మెలిక పడింది. "మైకక్కా, ఏమీ అనలేదా పిల్ల?"

"లేదు."

"చదివిన సగం పుస్తకం మళ్ళీ ఎదురొస్తే మనిషికి తెలీదా?"

ఆ మాట అన్నందుకు నా నోరు కోసుకోవాలనిపించింది. "అంటే చదవడం లేదా? మరి టికెట్టు ఎందుకు జరుపుతోంది?" అంది ఆవిడ.

"నువ్వు చూస్తావని తెలుసు కనక" అన్నాను.

ఇన్నాళ్ళూ ఆవిడ భయపడింది పుస్తకం గురించి. పుస్తకం ఆ పిల్ల ఒళ్ళో ఊరికే తెరిచి ఉంది. ఒకరు ముందుకి, ఒకరు వెనక్కి జరపడమే గాని ఆ ఇంట్లో దాన్ని చదివినవాళ్ళే లేరు. మరి గంటల తరబడి కిటికీ దగ్గర కూర్చుని ఆ పిల్ల ఏమాలోచిస్తున్నట్టు?

చిట్టికి ఫోను చేశాం. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాం. నేనే కాలేజీ ఆఫీసుకి చేశాను. అక్కడెవరో రిజిస్టరు తిప్పి, "ఆ అమ్మాయా? చాన్నాళ్ళుగా రావట్లేదండి. ఇంట్లోవాళ్ళకి తెలీదా?" అన్నారు. నాకు తెలియకుండానే ఆ మాట పైకి అనేశాను.

"పొద్దున సంచీ తగిలించుకుని నాతోనే బయల్దేరింది. మలుపు దాకా కలిసే వచ్చాం. టాటా చెప్పింది" అంది మైకక్క. అదే మళ్ళీ అంది. "మలుపు దాకా కలిసే వచ్చాం. టాటా చెప్పింది." పోలీసు స్టేషనుకి వెళ్దామా, కాలేజీకి వెళ్దామా, ఏ వైపని పరిగెత్తాలి?

అంతలో చివరి ప్లాట్‌ఫారం దగ్గర రేవు బస్సు హారను కొట్టింది. మైకులో చెప్పందే మా దగ్గర బస్సు కదలదు. డ్రైవరు మా గది వైపు చూసి చెయ్యి ఊపుతున్నాడు. మైకక్క కుర్చీలో కూర్చుని మైకు నొక్కింది. అలవాటు కొద్దీ "ప్రయాణికులకు మనవి" అంది. ఆగిపోయింది. స్పీకర్లన్నింట్లో ఆవిడ ఊపిరి వినిపించింది.

"చిట్టీ, అమ్మని. ఎక్కడికీ వెళ్ళొద్దు. అమ్మ దగ్గరికి రా." ఒక్క క్షణం ఆగి మళ్ళీ అంది. "చిట్టీ, అమ్మని. ఎక్కడికీ వెళ్ళొద్దు. అమ్మ దగ్గరికి రా."

సామాన్లు మోసేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే నిలబడిపోయారు. పిల్ల అక్కడుంటుందని మైకక్క అనుకోలేదు. ఏడవడానికి ఆవిడకి తెలిసిన చోటు అదొక్కటే. కంట్రోలరు పరిగెత్తుకొచ్చి, "ఏంటమ్మా ఇది, మైకులో సొంత విషయాలా?" అన్నాడు. "రిపోర్టు రాసుకోండి. రాసేటప్పుడు నా పేరు కూడా కలపండి" అని అరిచాను.

నా కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డారు. "తర్వాత రండి, ఇప్పుడు కాదు" అని కసిరాను. కదల్లేదు. తలెత్తి చూశాను.

చిట్టి. భుజాన సంచీ, చేతులు రెండూ కిటికీ ఊచల మీద. "పిన్నీ, అమ్మెందుకు ఏడుస్తోంది?" అంది.

మైకక్క ఎలా బయటికొచ్చిందో, ఆ పిల్లని ఎలా చుట్టేసుకుందో నాకు సరిగ్గా గుర్తులేదు. పట్టుకున్నది వదలకుండా ఆ చిన్న గదిలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఆ పూట రేవు బస్సు గురించి కంట్రోలరే తన బొంగురు గొంతుతో చెప్పుకున్నాడు.

చిట్టి ముక్కలు ముక్కలుగా చెప్పింది. క్లాసులో లెక్చరరు లేపి ఆ నవల్లో ఒక వాక్యం చదివించాడట. అర్థం చెప్పమన్నాడట. ఇది నోరు తెరిచి నిలబడిపోతే, "బస్సు టైమయితే చెప్పేదానివేమో" అన్నాడట. అందరూ నవ్వారట. మర్నాడు గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగిందట. ఆ మర్నాడు గేటు దాకా కూడా వెళ్ళలేదట. ఆ మనిషి గొంతు పట్టుకుందామన్నంత కోపం వచ్చింది నాకు.

"మరి రోజంతా ఎక్కడున్నావమ్మా?" అని అడిగాను.

"ఇక్కడే." రిపేరు కోసం మూసేసిన ప్లాట్‌ఫారం వైపు చూపించింది. "అక్కడ స్పీకరు ఉంది. బెంచీ మీద కూర్చుంటే అమ్మ గొంతు వినిపిస్తూనే ఉంటుంది. ఇంకెక్కడా నాకు భయం తగ్గలేదు పిన్నీ."

మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పిల్ల అక్కడ చాలాసేపు మాట్లాడింది. మేం బయట బల్ల మీద కూర్చుని ఒకరి చేతులొకరం పట్టుకున్నాం. నిదానంగా అవుతుంది, ఒంటరిగా వదలకండి అన్నారు. మైకక్క ఆ మాటని మంత్రంలా పట్టుకుంది. సెలవులు పెట్టింది, సెలవులు లేనప్పుడు పిల్లనే మైకు గదికి తెచ్చుకుంది. ఈసారి కంట్రోలరు ఏమీ అనలేదు. కుర్చీ ఒకటి తానే తెచ్చి వేశాడు.

ఆ గదిలోనే, బస్సుకీ బస్సుకీ మధ్య, ఆ లావు పుస్తకం నిజంగా తెరిచారు. తెమ్మన్నది చిట్టే. "భయమేస్తోందమ్మా, నువ్వు చదువు" అంది. మైకక్కకి దానికన్నా ఎక్కువ భయం. అయినా చదివింది, తనకొచ్చిన పద్ధతిలో. ప్రతి వాక్యం రెండుసార్లు. మొదటిసారి ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియక తడబడేది. రెండోసారికి ఎవరు మాట్లాడుతున్నారో తెలిసేది. "అమ్మా, బస్సు వెళ్ళిపోతున్నట్టు చదువుతున్నావ్" అని ఒకరోజు చిట్టి నవ్వింది. నేను మొహం అటు తిప్పుకుని, కిటికీ దగ్గరున్న పెద్దమనిషికి తప్పు టైము చెప్పాను.

పేజీలు తరుగుతున్న కొద్దీ మైకక్కకి పాత దడ మొదలైంది. "ఆఖరి భాగం వదిలేద్దాం చిట్టీ. గైడులో ఉంది, నేను చెప్తా" అంది. చిట్టి ఒప్పుకోలేదు. ఆ రోజు నేను కిటికీకి బోర్డు తగిలించి వాళ్ళ పక్కనే కూర్చున్నాను. మైకక్క చదవడం మొదలుపెట్టింది. తాళ్ళు పేనే ఆవిడ రేవు మెట్లు దిగింది. నీళ్ళ అంచున నిలబడింది. పాదాలు తడిశాయి. వెనక నుంచి ఎవరో ఆమెని పిలిచారు.

అక్కడితో అయిపోయింది.

మైకక్క పేజీ తిప్పింది. అట్ట. మళ్ళీ వెనక్కి తిప్పింది. "ఇంతేనా? వెళ్ళిపోయిందని ఎక్కడుంది?" గైడు తీసింది, పక్కపక్కన పెట్టుకుని వేలితో వెతికింది. గైడులో ఆ పిలుపు లేదు. నాకు ఒళ్ళు మండిపోయి ఆ పసుపు అట్ట పట్టుకుని కొట్టు దగ్గరికి వెళ్ళాను. "అసలు పుస్తకం చూడకుండా మనిషి ప్రాణం తీసేస్తారా?" అని నిలదీశాను. "పరీక్షలో రాయడానికి ఏదో ఒకటి ఉండాలి కదమ్మా" అన్నాడు గైడ్లాయన, చిల్లర సర్దుకుంటూ.

తిరిగొచ్చేసరికి మైకక్క ఆ ఆఖరి వాక్యం రెండోసారి చదువుతోంది. చిట్టి కళ్ళు మూసుకుని వింటోంది. చదవడం అయ్యాక, కళ్ళు తెరవకుండానే, "అమ్మా, ఆ రోజు నేను బెంచీ మీద లేను" అంది.

మైకక్క వేలు ఆ వాక్యం మీదే ఆగింది.

"రేవు బస్సు దగ్గరున్నాను. ఒక కాలు మెట్టు మీద పెట్టాను. ఎందుకెక్కుతున్నానో నాకే తెలీలేదు. అప్పుడు నువ్వు పిలిచావు. మొదటిసారి నన్నే అనుకోలేదు." ఆగింది. "రెండోసారికి దిగిపోయాను."

మైకక్క పుస్తకం మూయలేదు. పిల్ల చెయ్యి వెతికి పట్టుకుంది. బయట చివరి ప్లాట్‌ఫారం మీదికి రేవు బస్సు వచ్చి ఆగింది. హారను కొట్టింది. ఆ చెయ్యి వదలకుండానే రెండో చేత్తో మైకు నొక్కి, "ప్రయాణికులకు మనవి" అంది మైకక్క. బస్సు పేరు చెప్పింది. మళ్ళీ చెప్పింది.